విప్పితే సరిపోదు.. మళ్లీ బిగించాలి!

మీది యారాడ అనుకోండి. పొద్దున్నే కొండ దాటి, సింధియా మీదుగా గాజువాక వస్తారు. ఆటోనగర్‌లో ఒక షెడ్డులో పని నేర్చుకుంటున్నారు. మీ ముందు బల్ల మీద ఓ కారు ఈసీయూ ఉంది. ఈసీయూ అంటే ఇంజిన్ కంట్రోల్ యూనిట్. ఇంజిన్‌లోకి ఎంత పెట్రోలు వెళ్లాలో, స్పార్క్ ఎప్పుడు రావాలో నిర్ణయించే చిన్న కంప్యూటర్ అది. దాన్ని బండిలోంచి తీసి, బల్ల మీదే కరెంటిచ్చి, ల్యాప్‌టాప్‌తో లోపలి డేటా చదవాలి. వైర్లన్నీ కలిపారు. బటన్ నొక్కారు. కనెక్షన్ రాలేదని స్క్రీన్ చెప్పింది. మళ్లీ నొక్కారు. మళ్లీ అదే మాట.

ఇప్పుడేం చేస్తారు? చాలామంది మూడోసారీ నొక్కుతారు. తర్వాత సాఫ్ట్‌వేర్‌ను తిడతారు. చివరికి ఆ డబ్బా పోయిందని తేల్చేస్తారు. మీరు అలా తేల్చేసే ముందు ఒక మనిషి గురించి తెలుసుకోండి. మన రోడ్ల మీదికి ఈసీయూలున్న కార్లు రాకముందే ఆయన కన్నుమూశారు. అయినా ఈ బల్ల దగ్గర మీకు పనికొచ్చే పాఠం ఆయన జీవితంలోనే ఉంది. ఆయనే జి.డి. నాయుడు.

బడి కంటే బండే నచ్చింది

పూర్తి పేరు గోపాలస్వామి దొరైస్వామి నాయుడు. 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్‌లో పుట్టారు. ఎప్పుడో తరాల కిందట తమిళ నేలకు వెళ్లి స్థిరపడిన తెలుగు రైతు కుటుంబం వాళ్లది. బడి చదువు ఆయనకు అంటలేదు. చిన్న వయసులోనే పొలం పనిలో పడ్డారు.

ఆ రోజుల్లో ఓ బ్రిటిష్ అధికారి నడుపుతున్న మోటార్ సైకిల్ ఆయన కంటపడింది. రడ్జ్ కంపెనీ బండి. గుర్రం లేదు, ఎద్దు లేదు, అయినా పరిగెడుతోంది. ఎలా? ఆ ప్రశ్న ఆయన్ను నిద్రపోనివ్వలేదు. కోయంబత్తూరు చేరి ఓ హోటల్లో సర్వర్‌గా కుదిరారు. సుమారు మూడేళ్లు బల్లలు తుడిచి, ప్లేట్లు అందించి డబ్బు కూడబెట్టారు. ఆ డబ్బుతో అలాంటి బండినే కొన్నారు.

కొన్నాక ఏం చేశారో గమనించండి. ఊరంతా తిరిగి చూపించుకోలేదు. మొత్తం విప్పేశారు. ఏ ముక్క ఏం చేస్తుందో చూశారు. మళ్లీ బిగించారు. అలా మెకానిక్ అయ్యారు.

ఇక్కడ రెండు విషయాలున్నాయి. ఒకటి, ఆయన విప్పింది తన సొంత కష్టంతో కొన్న బండి. ఇంకొకరిది కాదు. రెండు, విప్పడంతో ఆగలేదు. విప్పడం పిల్లలకీ వస్తుంది. మళ్లీ బిగిస్తే బండి నడవాలి. పని వచ్చిందా లేదా అని చెప్పే పరీక్ష అదొక్కటే.

ఒక్క బస్సుతో మొదలు

1920లో ఒక బస్సు కొన్నారు. పొల్లాచ్చి, పళని మధ్య తానే స్వయంగా నడిపారు. ఓనరూ ఆయనే, డ్రైవరూ ఆయనే. దారిలో ఆగిపోతే చూసుకోవాల్సిందీ ఆయనే. ప్రయాణికులను ఎక్కించుకున్నాక ఇంజిన్ మొరాయిస్తే సాకులు చెప్పడానికి కుదరదు. తప్పు ఎక్కడుందో వెతికి పట్టుకోవాల్సిందే. ఆ ఒక్క బస్సే పెరిగి యూనివర్సల్ మోటార్ సర్వీస్ అనే పెద్ద రవాణా సంస్థ అయ్యింది. బాగా నడిచే బస్సుల సంస్థగా దేశంలో పేరు తెచ్చుకుంది.

తర్వాత ఆయన దృష్టి కరెంటు మోటార్ల మీదికి మళ్లింది. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి కోయంబత్తూరు పీలమేడులో ఎలక్ట్రిక్ మోటారు తయారు చేయించారు. దేశంలోనే తొలి స్వదేశీ మోటారుగా దానికి పేరు. ఇవాళ కోయంబత్తూరు అంటే మోటార్లు, పంపుసెట్లు గుర్తొస్తున్నాయంటే, ఆ కథ మొదలైన చోట్లలో అదొకటి.

యూరప్ వెళ్లినా చూపు మారలేదు. బ్యాటరీలతో నడిచే చిన్న మోటారు పెట్టి ఎలక్ట్రిక్ షేవింగ్ రేజరు రూపొందించారు. అది రసంత్ పేరుతో జర్మనీలో తయారైంది. కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, పండ్ల రసం తీసే యంత్రం, ఓట్లు నమోదు చేసే యంత్రం.. ఇలా ఆ జాబితా పొడుగే. 1941లో, ఐదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే ఇవ్వగలనని ప్రకటించారు.

గెలుపులే కాదు

ఇంతవరకూ చదివి, అదృష్టవంతుడు అనుకుంటున్నారా? ఆగండి. ఆయనకు ఎదురుదెబ్బలూ తక్కువేమీ కాదు.

యువతకు చేతి పని నేర్పాలన్నది ఆయన పట్టుదల. 1945లో కోయంబత్తూరులో, నాటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరుతో ఇంజినీరింగ్ కాలేజీ మొదలుకావడానికి ఆయనే కారణం. దానికి తొలి ప్రిన్సిపాలూ ఆయనే. బడి చదువు పూర్తిచేయని మనిషి ఇంజినీరింగ్ కాలేజీకి ప్రిన్సిపాల్! కానీ నాలుగేళ్ల కోర్సు అనవసరం, రెండేళ్లలో నేర్పేయొచ్చన్న ఆయన వాదనను ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నారు. ఆ కాలేజీయే నేటి కోయంబత్తూరు గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ.

1952లో ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు తయారుచేశారు. ధర 2,000 రూపాయలే. ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదు. కారు అక్కడే ఆగిపోయింది. ఏ యంత్రంలో తప్పునైనా పట్టుకోగల మనిషి, ఆఫీసు ఫైలును మాత్రం కదిలించలేకపోయారు. అయినా చేతిలోని పనిముట్టు కింద పెట్టలేదు. 1974 జనవరి 4న కన్నుమూసే నాటికి ఆయన వెనక ఫ్యాక్టరీలు, కాలేజీ, పారిశ్రామిక ప్రదర్శనశాల ఉన్నాయి. పని నేర్చుకున్న మనుషులు అంతకంటే ఎక్కువమంది ఉన్నారు.

రెండేళ్లు చాలన్న వాదనతో మీరు ఏకీభవించకపోవచ్చు. డిగ్రీ మానేయమని ఈ కథ చెప్పడం లేదు. డిగ్రీ చేతిలో ఉన్నా బల్ల ముందు చేతులు వణికితే ఇంటర్వ్యూలో ఏమవుతుందో మీకూ తెలుసు.

ఇప్పుడు మీ బల్ల దగ్గరికి

నాయుడు గారు ఆ మోటార్ సైకిల్‌ను చూసినట్టే ఈ ఈసీయూను చూడండి. ఒక్కో ముక్క, వరసగా.

మొదట స్టిక్కర్. కారు పేరు చూసి వైర్లు కలపకండి. ఒకే మోడల్ కారులో కూడా వేర్వేరు ఈసీయూలు ఉంటాయి. డబ్బా మీది పార్ట్ నంబరుకు సరిపోయే పిన్ డయాగ్రామ్ తీసుకోండి.

రెండోది కరెంటు. ఈసీయూకు బ్యాటరీ లైను ఒక్కటే చాలదు. ఇగ్నిషన్ లైను కూడా కావాలి. తాళం తిప్పినప్పుడు వచ్చే సప్లై అది. బల్ల మీద తాళం లేదు కాబట్టి అదీ మీరే ఇవ్వాలి. ఎర్త్ పిన్నులు ఒకటి కంటే ఎక్కువ ఉంటే అన్నీ కలపండి. కరెంటు పరిమితి పెట్టగలిగే 12 వోల్టుల సప్లై వాడండి. మీటరు అసలు కదలకపోతే కరెంటు లోపలికి వెళ్లడం లేదు. ఒక్కసారిగా పరిమితిని తాకితే షార్ట్ ఉందో, ఏదో తప్పుగా కలిపారో.. వెంటనే ఆపేయండి.

మూడోది మాట్లాడుకునే వైర్లు. చాలా ఈసీయూలు క్యాన్ అనే జంట వైర్ల మీద మాట్లాడతాయి. ఆ లైనుకు రెండు చివరలా 120 ఓమ్‌ల రెసిస్టర్ ఉండాలి. బండిలో ఉన్నప్పుడు రెండో చివర ఇంకెక్కడో ఉంటుంది. బల్ల మీద ఉండదు. కరెంటు ఆపి, రెండు వైర్ల మధ్య మల్టీమీటర్ పెట్టండి. 60 ఓమ్‌లు చూపిస్తే రెండూ ఉన్నట్టు. 120 చూపిస్తే ఒకటి తక్కువైంది, మీరు కలపాలి. రెండు వైర్లు అటూ ఇటూ మారినా కనెక్షన్ రాదు. అదీ చూడండి.

ఇవన్నీ సరిగ్గా ఉండి, మీటరు కదులుతూ, అయినా డబ్బా పలకకపోతే అప్పుడు సాఫ్ట్‌వేర్ వైపు వెళ్లండి. సరైన ఈసీయూ రకం ఎంచుకున్నారా, కేబుల్ డ్రైవర్ పడిందా అని చూడండి. ఈసీయూ చెడిపోయిందనే నిర్ణయం అన్నిటికంటే చివర రావాలి.

డేటా వచ్చాక సంబరపడి వెంటనే ఏదీ మార్చకండి. రెండుసార్లు చదివి, రెండు ఫైళ్లూ ఒకటేనా అని పోల్చండి. అసలు ఫైలును విడిగా దాచండి. చదవడం మధ్యలో ఆగితే మళ్లీ చదవొచ్చు. రాయడం మధ్యలో కరెంటు పోతే డబ్బా మూగబోవచ్చు. మళ్లీ బిగించినప్పుడు బండి నడవాలంటే మీకున్న భరోసా ఆ ఫైలే.

ఇంకో మాట. నేర్చుకోవడానికి కస్టమర్ ఈసీయూను వాడకండి. చాలా కార్లలో అది తాళంతో జతపడి ఉంటుంది. యజమానికి తెలియకుండా ముట్టుకోవడం తప్పు. చిన్న పొరపాటుకే వేల రూపాయల నష్టం. నాయుడు గారు మూడేళ్లు సర్వర్‌గా చేసింది ఎందుకో గుర్తుంది కదా? మీకు అంత కాలం అక్కర్లేదు. పాత సామాన్ల షాపులో స్క్రాప్ ఈసీయూ ఒకటి కొనుక్కోండి. దాని మీద ఎన్ని తప్పులు చేసినా ఎవరూ అడగరు.

2020 ఏప్రిల్ నుంచి అమ్మే కొత్త బండ్లన్నీ బీఎస్-6. బైకులకూ ఈసీయూలు వచ్చేశాయి. పానా పట్టే చేతికి మల్టీమీటర్ కూడా వచ్చి ఉండాలి. ఐటీఐలో మోటారు వెహికల్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్లు. డిప్లొమా, బీటెక్ చేసినవాళ్లకు అప్రెంటిస్‌షిప్ దారి ఉంది. ఏ దారిలో వెళ్లినా ఒక నోట్‌బుక్ పెట్టుకోండి. ప్రతి ఈసీయూకూ పార్ట్ నంబరు, కలిపిన పిన్నులు, వచ్చిన తప్పు, అది ఎలా దొరికిందో రాయండి. ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ పక్కన ఆ నోట్‌బుక్ పెట్టండి.

ఈ సాయంత్రం మళ్లీ కొండెక్కి యారాడ వెళ్లేటప్పుడు, బల్ల మీద వదిలేసిన ఆ డబ్బా గుర్తొస్తుంది. రానివ్వండి. రేపు పొద్దున బటన్ నొక్కే ముందు మల్టీమీటర్ చేతిలోకి తీసుకోండి.