మన్రో దొర గ్రహించిన సిపాయి ధర్మం

రాయలసీమలో మన్రో దొర పేరు వినగానే రైతువారీ పద్ధతి స్ఫురిస్తుంది. కాని సర్ తామస్ మన్రో మొదట సైనికుడు; పిమ్మటనే పరిపాలకుడు.

1761లో గ్లాస్గో నగరంలో ఒక వర్తకుని ఇంట జన్మించాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం వల్ల తండ్రి వ్యాపారం చితికిపోయింది. కుమారుడు కుంపిణీ సైన్యంలో క్యాడెట్టుగా చేరి 1780 జనవరిలో చెన్నపట్నంలో దిగాడు. అడిస్కూంబులో కుంపిణీ సైనిక విద్యాలయం వెలసినది 1809లో. అంతకుముందు వచ్చిన మన్రోకు దండే బడి. ఆ యేడే హైదరాలీతో యుద్ధం వచ్చింది. కవాతుతోపాటు హిందూస్థానీ, పారసీ భాషలనూ ఆయన శ్రద్ధగా అభ్యసించాడు. సిపాయి మాట తెలియనివానికి సిపాయి మనస్సు తెలియదు గదా!

1800లో దత్తమండలాలు కుంపిణీ వశమైనవి. ఉరవకొండ సీమ కూడా వానిలోనిదే. అనంతపురం ముఖ్యస్థానంగా మన్రో ఏడేండ్లు కలెక్టరుగా ఉండి, డేరాలలో బసచేస్తూ ఊరూరా తిరిగాడు.

ఆయన ఇక్కడ ఉండగానే 1806 జూలై 10న వెల్లూరు కోటలో సిపాయిలు తిరగబడ్డారు. క్రమశిక్షణ పేరిట, ముఖాన బొట్టు ఉండరాదనీ, గడ్డం గీయించుకోవాలనీ, టోపీవంటి కొత్త తలపాగా ధరించాలనీ అధికారులు శాసించారు. కాదన్నవారిని కొరడాలతో కొట్టించారు. తిరుగుబాటు అణగిన పిదప, అది టిప్పు కుమారుల కుట్ర అని పలువురు తలచారు. మన్రో అట్లా తలచలేదు. తమను మతం మార్పింపజూస్తున్నారన్న అనుమానమే మూలమని ఈ సీమలోని వివేకులు భావిస్తున్నట్లు గవర్నరు బెంటింకుకు తెలియజేశాడు. 1807లో బెంటింకునూ, సేనాపతి క్రాడాకునూ స్వదేశానికి పిలిపించారు.

మన్రో పరాయి ప్రభుత్వ సేవకుడే, పాళెగాండ్రను అణచినవాడే. అయినా ఒక సత్యం గ్రహించాడు. ఆజ్ఞాపాలన, ధైర్యం, విశ్వాసం కొత్త సిపాయికి నేర్పదగినవే. అతని ఆత్మగౌరవాన్ని కాలరాచి నేర్పితే మాత్రం అవి నిలువవు. కొరడా వరుసను సరిదిద్దగలదు, విశ్వాసాన్ని పుట్టించలేదు.

1820లో మద్రాసు గవర్నరయిన మన్రో, 1827 జూలై 6న పత్తికొండలో విషూచికి బలియైనాడు. గుత్తిలో ఖననం చేసిన ఆయన అస్థులను 1831లో చెన్నపట్నం తరలించారు. ఈ సీమ జనం మాత్రం తమ బిడ్డలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకొన్నారు. శాసించి తెప్పించుకొన్న గౌరవం కాదది.