సీసాలో గాలి, డబ్బాలో బేస్: హెల్మ్‌హోల్ట్జ్ జీవితం

ఖిలా వరంగల్ వీధుల్లో పెళ్ళి బరాత్ కదిలిందంటే చాలు, కారు డిక్కీలోని సబ్ వూఫర్ మోతకు మా హాస్టల్ కిటికీ రెక్కలు అదురుతాయి. ఆ చెక్క డబ్బాకు ఒక పక్క గొట్టం ఎందుకు పెడతారని మేము చాలాసార్లు అనుకున్నాం. జవాబు వెతుక్కుంటూ వెళితే ఒక జర్మన్ శాస్త్రవేత్త జీవితం దొరికింది. అది హాస్టల్ విద్యార్థులమైన మనందరం తెలుసుకోవలసినది.

హెర్మన్ హెల్మ్‌హోల్ట్జ్ 1821 ఆగస్టు 31న పోట్స్‌డామ్‌లో జన్మించారు. తండ్రి ఉపాధ్యాయుడు. కొడుక్కి భౌతికశాస్త్రమంటే ప్రాణం. కానీ ఆ చదువు చెప్పించే స్తోమత ఆ ఇంటికి లేదు. అందుకని 1838లో ప్రభుత్వ ఖర్చుతో చదివించే బెర్లిన్ సైనిక వైద్య సంస్థలో చేరారు. చదువయ్యాక 8 ఏళ్ళు సైన్యంలో డాక్టరుగా పనిచేయాలన్నది షరతు. అక్కడ జబ్బు చేస్తే ఉచితంగా వైద్యం జరిగింది. ఆ రోజుల్లో మిగిలిన డబ్బుతో ఆయన ఒక చిన్న మైక్రోస్కోపు కొనుక్కుని, దానితోనే పరిశోధన చేసి 1842లో డాక్టరేట్ పొందారు.

సైనిక వైద్యుడిగా ఉంటూనే 1847లో, 25 ఏళ్ళ వయసుకే, శక్తి నిత్యత్వంపై గొప్ప వ్యాసం రాశారు. మరుసటి ఏడాది ఆ ఉద్యోగం నుంచి ముందుగానే విడుదల దొరికింది. కంటి లోపలి భాగాన్ని చూసే ఆఫ్తాల్మోస్కోపును తయారుచేశారు. 1863లో ధ్వని, సంగీతాలపై పెద్ద గ్రంథం ప్రచురించారు.

ఆ పరిశోధనలో ఆయన వాడినవి సన్నని మూతి గల బోలు గోళాలు. ఖాళీ సీసా మూతిపై ఊదితే ఒకే స్వరం వస్తుంది కదా, అదే సూత్రం. మూతిలోని గాలి బరువులా, లోపలి గాలి స్ప్రింగులా పనిచేస్తాయి. పాత్ర పెద్దదైనా, మెడ పొడవైనా స్వరం తగ్గుతుంది. మూతి వెడల్పైతే స్వరం పెరుగుతుంది.

సబ్ వూఫర్ డబ్బా కూడా అటువంటి సీసాయే. 1930లో అమెరికాలో థురాస్ అనే ఇంజనీరు గొట్టం గల స్పీకరు పెట్టెకు పేటెంట్ కోరారు. మేము లెక్క కట్టి చూశాం. 50 లీటర్ల డబ్బాకు 10 సెం.మీ. వ్యాసం, 25 సెం.మీ. పొడవు గల గొట్టం పెడితే దాదాపు 38 హెర్ట్జ్ వస్తుంది. అదే గొట్టం 40 సెం.మీ. అయితే దాదాపు 31కి దిగుతుంది. ఆ స్వరం దగ్గర గొట్టంలోని గాలే ఎక్కువ మోత ఇస్తుంది, స్పీకరు కోన్ తక్కువగా కదులుతుంది. అంతకన్నా బాగా కింది స్వరాలకు కోన్ పట్టుతప్పి ఊగుతుంది, గట్టిగా పెడితే పాడవుతుంది. కనుక ఖరీదైన స్పీకరు ఒక్కటే చాలదు, కొలత కుదరాలి.

హెర్ట్జ్ అన్న ప్రమాణం కూడా హెల్మ్‌హోల్ట్జ్ శిష్యుడు హైన్‌రిచ్ హెర్ట్జ్ పేరే. హెల్మ్‌హోల్ట్జ్ 1871లో బెర్లిన్ విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యులయ్యారు. చిన్ననాడు కోరుకున్న చదువును 50 ఏళ్ళ వయసులో పెద్ద పీఠంపై కూర్చుని బోధించారు. 1894 సెప్టెంబర్ 8న కన్నుమూశారు.

మిత్రులారా! ప్రభుత్వ సొమ్ముతో చదవడం చిన్నతనమని మనలో కొందరు తలవంచుకుంటారు. ఆయనా అలాగే చదివారు. ఈసారి బరాత్ వెళ్ళినప్పుడు కిటికీ అదిరితే విసుక్కోకుండా, ఆ డబ్బా ఎన్ని హెర్ట్జ్‌ల దగ్గర పలుకుతోందో లెక్క కడదాం.