మూత్రపాత్రలు కడిగిన చేతులు

డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు 1895లో భీమవరమున జన్మించిరి. మద్రాసున పొందిన ఎల్.ఎం.ఎస్. పట్టము అమెరికాలో వైద్యోద్యోగమునకు అక్కరకు రాకపోవుటచే, బోస్టను నగరమందలి పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రి కూలిగా చేరి, రోగుల మలమూత్రపాత్రలను కడిగిరి; పగటివేళ హార్వర్డులో చదివిరి.

1925లో ఫిస్కేగారితో కూడి, రక్తమూత్రములందలి భాస్వరమును కొలుచు విధానమును ప్రకటించిరి. లోకము పారబోయు ద్రవములలోనే వారు దేహరహస్యమును వెదకిరి. తదుపరి లెడర్లీ ప్రయోగశాలలో వారి నాయకత్వమున వెలువడిన హెట్రజాను, కృష్ణా డెల్టాను పీడించిన బోదవ్యాధికి మందయ్యెను. 1948లో వారు కీర్తిశేషులైరి.

నేడు ఆసుపత్రిలో నెత్తురు ఒలికినచో, చేతులకు తొడుగులు వేసికొని, గుడ్డ కప్పి, బ్లీచింగు ద్రావణము పోసి, కొంత తడవాగి తుడువవలెను. విజయవాడలోనైనను బోస్టనులోనైనను, ఆ తొడుగులు మొదట అందవలసినది రాత్రివేళ పాత్రలు కడుగు చేతులకే.