వెలుగు బాట: జిమ్ థోర్ప్ జీవితం

అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో వెనుక వరసలో నిలబడి ఎదుటి జట్టును అడ్డుకునే ఆటగాళ్లుంటారు. వాళ్లలో ఆ ఏటి మేటి ఎవరో ఎంచి 1986 నుంచి ఒక అవార్డు ఇస్తున్నారు. డియాన్ శాండర్స్, చార్లెస్ వుడ్సన్ వంటి పెద్ద ఆటగాళ్లు అందుకున్న ఆ అవార్డు పేరు జిమ్ థోర్ప్ అవార్డు. ఆ పేరు ఒక ఆదివాసిది.

మైదానంలో ఎవరొచ్చినా అడ్డుకోగలిగినవాడు జిమ్ థోర్ప్. మైదానం బయట అతనికి అన్యాయం జరిగినప్పుడు మాత్రం అడ్డంగా నిలబడినవాళ్లు లేరు. ఉదయగిరి కొండ కింద, ఆత్మకూరు చుట్టుపక్కల మన యానాది, ఎరుకల, సుగాలి కుటుంబాల్లో పుట్టి, హాస్టళ్లలో చదువుకుంటూ, ఆటల్లో పైకి రావాలని కలలు కంటున్న తమ్ముళ్లూ చెల్లెళ్లూ తెలుసుకోవలసిన జీవితం ఇది.

బాల్యం

1887లో, నేటి ఓక్లహామా రాష్ట్రంలో ప్రేగ్ అనే ఊరి దగ్గర జిమ్ పుట్టాడు. అప్పట్లో దాన్ని ఇండియన్ టెరిటరీ అనేవారు. తండ్రి హైరమ్ శాక్ అండ్ ఫాక్స్ తెగవాడు, తల్లి షార్లెట్ పొటవాటమి తెగ ఆడపడుచు. ఇంట్లో పెట్టిన పేరు వా-థో-హుక్. వెలుగు నిండిన బాట అని దాని అర్థం.

జిమ్‌కు చార్లీ అని కవల సోదరుడు ఉండేవాడు. ఇద్దరూ కలిసే అడవిలో తిరిగారు, కలిసే వేట నేర్చుకున్నారు. తొమ్మిదేళ్ల వయసులో చార్లీ నిమోనియాతో పోయాడు. ఆ తరువాత జిమ్ మనసు బడిలో నిలవలేదు. ఎన్నోసార్లు పారిపోయి ఇంటికి వచ్చేశాడు. కొన్నాళ్లకు కాన్పు కష్టమై తల్లి పోయింది. 1904లో పెన్సిల్వేనియాలోని కార్లైల్ ఇండియన్ స్కూలులో చేరాడు. ఆ ఏడే తండ్రి కూడా కన్నుమూశాడు.

కార్లైల్ మామూలు బడి కాదు. 1879లో రిచర్డ్ ప్రాట్ అనే సైనికాధికారి పాత సైనిక బారకాసుల్లో దాన్ని మొదలుపెట్టాడు. ఆదివాసి పిల్లల్లో ఆదివాసితనం లేకుండా చేయడమే దాని ఉద్దేశం. రాగానే జుట్టు కత్తిరించేవారు, పేరు మార్చేవారు, సొంత భాష మాట్లాడితే శిక్షించేవారు. ఇంటికి తిరిగి వెళ్లకుండానే చనిపోయిన పిల్లల సమాధులు ఇప్పటికీ అక్కడున్నాయి. మన పెద్దలకు ఇది కొత్త కథ కాదు. నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల కుటుంబాలను ఉంచిన సెటిల్‌మెంటు మన కావలిలోనే నడిచింది. ఒక జాతిని బాగుచేస్తామంటూ దాని బతుకును గేటు లోపల పెట్టడం రెండు చోట్లా జరిగింది.

మైదానంలో

1907లో ఒకరోజు పనిబట్టలతో మైదానం మీదుగా వెళుతున్న జిమ్, అక్కడ హైజంప్ సాధన చేస్తున్నవారిని చూసి ఆగాడు. ఎవరూ దాటలేకపోతున్న 5 అడుగుల 9 అంగుళాల కర్రను ఆ బట్టలతోనే దాటేశాడు. ఆ సంగతి కోచ్ పాప్ వార్నర్ చెవిన పడింది. ఇంత మంచి అథ్లెట్ దెబ్బలు తగిలి పాడవుతాడని, మొదట అతన్ని ఫుట్‌బాల్‌కు తీసుకోవడానికి వార్నర్ వెనకాడాడు. జిమ్ పట్టుబట్టాడు. బంతి ఇచ్చి చూస్తే, పట్టుకోవడానికి వచ్చినవారందరినీ తప్పించుకుని అవతలి గీత చేరాడు.

అమెరికన్ ఫుట్‌బాల్ మనం ఆడే ఫుట్‌బాల్ లాంటిది కాదు. బంతిని చేత పట్టుకుని పరుగెత్తేవాణ్ణి ఎదుటి జట్టు పట్టి పడేయాలి. మన కబడ్డీ తెలిసినవారికి ఇది త్వరగా అర్థమవుతుంది. కబడ్డీలో కూతకు వెళ్లేవాడే తిరిగి వచ్చి పట్టులో నిలబడతాడు కదా! ఆ రోజుల్లో వాళ్ల ఫుట్‌బాల్ కూడా అంతే. దాడికి వేరే, అడ్డుకోవడానికి వేరే ఆటగాళ్లు ఉండేవారు కాదు. ఆ పదకొండు మందే రెండు పనులూ చేయాలి. జిమ్ బంతితో పరుగెత్తేవాడు, గోల్‌కు తన్నేవాడు, బంతి పోయిన మరుక్షణం వెనక్కి వచ్చి ఎదుటివాణ్ణి పట్టేవాడు. అందుకే డిఫెన్స్ ఆటగాళ్ల అవార్డుకు అతని పేరు పెట్టుకున్నారు.

1911 నవంబరులో కార్లైల్ జట్టు హార్వర్డ్ విశ్వవిద్యాలయంతో తలపడింది. హార్వర్డ్ అప్పట్లో దేశంలోనే పెద్ద జట్లలో ఒకటి. కాలికి దెబ్బ తగిలి కట్టుతో ఆడిన జిమ్ నాలుగు ఫీల్డ్ గోల్స్ కొట్టాడు. కార్లైల్ 18-15తో గెలిచింది.

మరుసటి ఏడు నవంబరు 9న వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీతో ఆట. ఉండెడ్ నీ వద్ద అమెరికా సైన్యం లకోటా ఆదివాసులను ఊచకోత కోసి అప్పటికి 22 ఏళ్లే అయింది. ఆ సైన్యానికి కాబోయే అధికారులను ఆదివాసి కుర్రాళ్లు 27-6తో ఓడించారు. జిమ్‌ను ఆపలేకపోయిన సైనిక విద్యార్థుల్లో డ్వైట్ ఐజెన్‌హోవర్ ఒకడు. అతనే తరువాత అమెరికా అధ్యక్షుడయ్యాడు. 1911, 1912 రెండేళ్లూ జిమ్ ఆల్-అమెరికన్ జట్టుకు ఎంపికయ్యాడు.

స్టాక్‌హోమ్

ఆ రెండు ఫుట్‌బాల్ సీజన్ల మధ్యలో, 1912 జులైలో, స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ జరిగాయి. ఐదు పోటీల పెంటాథ్లాన్‌లో జిమ్ నాలుగింట మొదటివాడు. పది పోటీల డెకాథ్లాన్‌లో 8,412 పాయింట్లు సాధించాడు. రెండో స్థానంలో వచ్చిన స్వీడన్ ఆటగాడు హ్యూగో వీస్‌లాండర్ దాదాపు 700 పాయింట్లు వెనకబడ్డాడు. ఆ పోటీల వేళ జిమ్ బూట్లు పోయాయని, దొరికిన రెండు వేర్వేరు బూట్లు తొడుక్కుని ఆడాడని చెబుతారు. ఆనాటి ఫొటోలో అతని రెండు కాళ్లకూ వేర్వేరు సాక్సులు కనబడతాయి.

రెండు బంగారు పతకాలు దేశానికి తెచ్చినప్పటికి అతని జాతివాళ్లలో చాలామందికి ఆ దేశ పౌరసత్వమే లేదు. ఆదివాసులందరినీ పౌరులుగా గుర్తించిన చట్టం 1924లో గానీ రాలేదు.

పోయిన పతకాలు

1913 జనవరిలో ఒక పత్రిక ఒక సంగతి బయటపెట్టింది. 1909, 1910 వేసవుల్లో జిమ్ నార్త్ కరోలినాలో చిన్న జట్లకు బేస్‌బాల్ ఆడి కొద్దిపాటి డబ్బు తీసుకున్నాడు. డబ్బుకు ఏ ఆట ఆడినవారైనా ఒలింపిక్స్‌కు అనర్హులన్నది ఆనాటి నియమం. కాలేజీ కుర్రాళ్లు ఎందరో వేసవిలో అలాగే ఆడేవారు. వాళ్లు దొంగపేర్లు పెట్టుకున్నారు, జిమ్ తన పేరుతోనే ఆడాడు. నియమం తెలియక చేశానని ఒప్పుకుంటూ ఉత్తరం రాశాడు. కోచ్, బడి అధికారులు తమకేమీ తెలియదన్నారు. పతకాలు వెనక్కి ఇచ్చేశారు, రికార్డుల్లోంచి అతని పేరు కొట్టేశారు.

ఇక్కడ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఎవరి గెలుపుపైనైనా అభ్యంతరం ఉంటే 30 రోజుల్లోగా చెప్పాలని ఆ ఒలింపిక్స్ నియమావళిలోనే ఉంది. అప్పటికి ఆరు నెలలు దాటింది. అతన్ని కాపాడే నియమం ఆ పుస్తకంలోనే ఉన్నా, తెరిచి చూపించినవాళ్లు లేరు. తల్లీ తండ్రీ లేని ఆదివాసి కుర్రాడి తరఫున మాట్లాడవలసిన పెద్దలు తమ పేరు కాపాడుకున్నారు.

తరువాతి జీవితం

జిమ్ ఆడడం మానలేదు. న్యూయార్క్ జెయింట్స్‌కు బేస్‌బాల్ ఆడాడు. 1915లో ఆటకు 250 డాలర్ల చొప్పున కాంటన్ బుల్‌డాగ్స్ అనే ఫుట్‌బాల్ జట్టులో చేరి దాన్ని ఛాంపియన్‌గా నిలిపాడు. 1920లో ఏర్పడిన ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ సంఘానికి తొలి అధ్యక్షుడయ్యాడు. ఈరోజు ప్రపంచంలోనే అత్యంత ధనిక క్రీడా లీగుల్లో ఒకటైన ఎన్‌ఎఫ్‌ఎల్ ఆ సంఘమే. 1922, 1923లలో ఓహాయోలోని లారూ అనే చిన్న ఊళ్లో, అందరూ ఆదివాసులే ఉన్న ఊరంగ్ ఇండియన్స్ జట్టును నడిపించాడు.

వయసు మీద పడ్డాక కష్టాలు చుట్టుముట్టాయి. మద్యం అలవాటు అతన్నీ కుటుంబాన్నీ కుంగదీసింది. 1930ల ఆర్థిక మాంద్యంలో కూలికి మట్టి తవ్వాడు. సినిమాల్లో చిన్నా చితకా వేషాలు వేశాడు. 1950లో పత్రికా రచయితలు అతన్ని ఆ అర్ధశతాబ్దపు అత్యుత్తమ అథ్లెట్‌గా ఎన్నుకున్నారు. మరుసటి ఏడు పెదవి క్యాన్సర్‌కు ఆపరేషన్ జరిగితే ఆస్పత్రి ఖర్చుకు అతని దగ్గర డబ్బు లేదు. 1953 మార్చి 28న కాలిఫోర్నియాలో కన్నుమూశాడు. వెస్ట్ పాయింట్ మైదానంలో అతన్ని ఆపలేకపోయిన ఐజెన్‌హోవర్ అప్పటికి రెండు నెలలుగా దేశాధ్యక్షుడు.

చనిపోయాక కూడా అతనికి సొంత నేల దక్కలేదు. ఓక్లహామాలో తెగ ఆచారం ప్రకారం అంత్యక్రియలు జరుగుతుండగా, భార్య దేహాన్ని అక్కడినుంచి తీసుకుపోయింది. తరువాత పెన్సిల్వేనియాలో ఒక ఊరు తన పేరునే జిమ్ థోర్ప్ అని మార్చుకుని అతన్ని అక్కడ సమాధి చేసుకుంది. ఇంటికి తీసుకువెళతామని కొడుకులు కోర్టుకెక్కినా, 2015లో సుప్రీంకోర్టు ఆ కేసును వినడానికి ఒప్పుకోలేదు.

తిరిగి వచ్చిన పేరు

పతకాల విషయంలో మాత్రం అతని బిడ్డలు, అభిమానులు పోరాటం వదల్లేదు. అతని జీవితచరిత్ర రాసిన రాబర్ట్ వీలర్, భార్య ఫ్లోరెన్స్ రిడ్లన్ కలిసి పాత కాగితాలన్నీ వెతికారు. ఆ 30 రోజుల నియమం ఉన్న 1912 నాటి పుస్తకం అమెరికా జాతీయ గ్రంథాలయంలో రిడ్లన్ చేతికి దొరికింది. దాంతో 1982లో ఒలింపిక్ కమిటీ దిగివచ్చి, జిమ్‌ను సహవిజేతగా గుర్తించింది. 1983 జనవరిలో అతని పిల్లలకు పతకాల నకళ్లు అందాయి. 2022 జులైలో, స్టాక్‌హోమ్ పోటీలు జరిగిన 110 ఏళ్లకు, ఆ రెండు పోటీల్లోనూ ఏకైక విజేత జిమ్ థోర్ప్ అని ప్రకటించారు. 2024లో దేశ అత్యున్నత పౌర పురస్కారం కూడా మరణానంతరం దక్కింది.

కాలిబలం, గుండెబలం జిమ్‌కు పుట్టుకతో వచ్చాయి. పరుగులోనూ పట్టులోనూ మన పిల్లలు ఎవరికీ తీసిపోరు. జిమ్‌కు లేనిదల్లా నియమాల పుస్తకం చదివి చెప్పే సొంత మనిషి. కాబట్టి సెలక్షన్‌కు వెళ్లే తమ్ముడూ చెల్లెలూ, బూట్లతో పాటు నియమాల కాగితం కూడా సంచిలో పెట్టుకోండి. గడువు తేదీ చూసుకోండి. అర్థం కాని చోట సంతకం పెట్టకండి. చదువుకున్న అన్నలూ అక్కలూ, ఊళ్లో ఒక పిల్లవాడు ఆటకు బయలుదేరితే ఆ కాగితం చదివి చెప్పే పని మీరు తీసుకోండి. 1913లో ఆ పని చేసేవాళ్లు ఒక్కరున్నా జిమ్ థోర్ప్ పతకాలు అతని ఇంట్లోనే ఉండేవి.