సర్ దొరాబ్జీ టాటా

కూలివానికి రోగము వచ్చినప్పుడు బాధలు రెండు. పని మానినందున కూలి పోవును. కూలి పోయిన యింటికే మందుల చీటియు వచ్చును. ఈ రెండవ బాధను జంషెడ్‌పూర్ కార్మికులకు తొలగించిన వారిలో సర్ దొరాబ్జీ టాటా ముఖ్యుడు.

ఆయన 1859 ఆగస్టు 27న బొంబాయిలో ఒక పార్సీ కుటుంబమునందు జన్మించెను. తండ్రి జమ్‌షెడ్జీ ఉక్కు కర్మాగారమును స్థాపింపగోరి, అది నెరవేరకముందే 1904లో మరణించెను. ఆ భారము కుమారునిపై పడెను. 1907లో కంపెనీ యేర్పడెను. సాక్చీ యను గ్రామమునొద్ద అడవి నరికి కొలుములు నిలిపిరి. 1912లో ఉక్కు వెలువడెను. 1919లో ఆ పట్టణమునకు తండ్రి పేరిట జంషెడ్‌పూర్ అని పేరిడిరి. మన తెలుగువారును పెక్కుమంది బ్రదుకుతెరువు కొరకు అచ్చటికి వెళ్లి స్థిరపడిరి.

ఆయన అధ్యక్షుడుగా నున్న కాలముననే, 1915లో, కంపెనీ తన పనివారికి ఉచిత వైద్యము కల్పించెను. ఈ సంవత్సరమును గమనింపవలెను. కార్మిక రాజ్య బీమా చట్టము మన దేశమున 1948లో గాని రాలేదు. బీమా యను మాటనే కూలివాడు ఎరుగని దినములలో కొలిమియొద్ద చేయి కాలినవాడు మందు కొరకు వడ్డీవ్యాపారి గడప త్రొక్కవలసిన పని తప్పెను. అయితే ఇది కంపెనీ పట్టీలో పేరున్న వారికి కలిగిన మేలు. పేరు లేని బీదవాని మాట వేరు.

మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట ఉక్కు ధరలు పడిపోయెను. 1924లో జీతములకే సొమ్ము లేని స్థితి వచ్చెను. కర్మాగారము మూతబడినచో పనితోపాటు వైద్యమును పోయెడిది. అప్పుడు దొరాబ్జీ తన సొంత ఆస్తిని, భార్య మెహెర్‌బాయి నగలను, వాటితో 245 కారట్ల జూబిలీ వజ్రమును ఇంపీరియల్ బ్యాంకునందు కుదువబెట్టి, కోటి రూపాయల అప్పు తెచ్చెను. పెనిమిటి మాటపై తన నగలన్నియు తీసి యిచ్చు ఇల్లాండ్రు ఎందరుందురు?

ఆ మెహెర్‌బాయియే 1931లో రక్తపు క్యాన్సరుతో వేల్సు దేశమున మరణించెను. ధనమునకు కొదువ లేదు. వెల ఎక్కువై మందు దొరకకపోలేదు. అట్టి మందే లోకమున లేదు. సంతానము లేని దొరాబ్జీ 1932లో ఆ వ్యాధిపై పరిశోధనకై భార్య పేరిట ఒక నిధిని స్థాపించి, మిగిలిన ఆస్తిని సయితము ధర్మనిధికి వ్రాసియిచ్చి, ఆ యేడే జూన్ 3న జర్మనీలో కన్నుమూసెను. ఇంగ్లాండులోని బ్రూక్‌వుడ్‌లో భార్య ప్రక్కనే ఆయనను ఉంచిరి. పిమ్మట జూబిలీ వజ్రమును అమ్మి ఆ సొమ్మును ధర్మనిధికే చేర్చిరి. ఆ నిధి సాయముననే 1941లో బొంబాయి క్యాన్సరు ఆసుపత్రి వెలసెను.

మందు తరువాత వచ్చెను. భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో నడిపిన పరిశోధనశాలనుండి వెలువడిన అమినోప్టెరిన్‌తో, ఈ వ్యాధిగల కొందరు పిల్లలకు కొంతకాలము ఉపశమనము కలిగినదని 1948లో బోస్టను వైద్యులు ప్రకటించిరి. దాని వంశమునకే చెందిన మెథోట్రెక్సేట్‌ను నేటికిని వాడుచున్నారు.

1975లో జంషెడ్‌పూర్‌లో క్యాన్సరు ఆసుపత్రిని తెరచి, దానికి మెహెర్‌బాయి పేరు పెట్టిరి.