ఓస్వాల్డ్ ఏవరీ

ఓస్వాల్డ్ థియొడోర్ ఏవరీ (అక్టోబరు 21, 1877 - ఫిబ్రవరి 20, 1955) కెనడాలో జన్మించిన అమెరికా వైద్యుడు, సూక్ష్మజీవ శాస్త్రవేత్త. జన్యుపదార్థం డీఎన్ఏ అని చూపిన వ్యక్తిగానే విద్యార్థులకు ఈయన పేరు పరిచయం. అయితే ఆయన పరిశోధన చాలావరకు న్యుమోనియా కలిగించే న్యుమోకాకస్ అనే బాక్టీరియా మీద, దాని పైనుండే చక్కెర తొడుగు మీద సాగింది. డీఎన్ఏ విషయం కూడా ఆ తొడుగును పరిశీలిస్తూ ఉండగా బయటపడినదే.

తొలి జీవితం

ఏవరీ హాలిఫాక్స్ నగరంలో జన్మించాడు. తండ్రి బాప్టిస్టు మతబోధకుడు. 1887లో ఈ కుటుంబం న్యూయార్క్‌కు తరలివెళ్ళింది. 1904లో కొలంబియా విశ్వవిద్యాలయం నుండి వైద్యపట్టా పొంది, 1913లో రాక్‌ఫెల్లర్ సంస్థకు చెందిన ఆసుపత్రిలో చేరాడు. అవివాహితుడు.

చక్కెర తొడుగు

పెన్సిలిన్ రాకపూర్వం న్యుమోనియా సోకినవారిలో ఎందరో మరణించేవారు. 1917లో ఏవరీ, డోచెజ్ కలిసి రోగుల రక్తంలోను, మూత్రంలోను ఈ బాక్టీరియా విడిచే ఒక పదార్థాన్ని కనుగొన్నారు. అది పాలీశాకరైడ్, అనగా చక్కెరల గొలుసు అని 1923లో హైడెల్‌బర్గర్‌తో కలిసి ఏవరీ తేల్చాడు. ప్రతిరక్షకాలు గుర్తించేది ప్రోటీనులనే అని అప్పటి నమ్మకం. అందువలన ఈ ఫలితాన్ని చాలామంది వెంటనే అంగీకరించలేదు.

తెల్ల రక్తకణాలలో భక్షక కణాలు బాక్టీరియాను మింగివేస్తాయి. మింగడానికి ముందు అవి దానిని పట్టుకోవాలి. రక్తంలోని కాంప్లిమెంట్ ప్రోటీనులు బాక్టీరియా గోడపై అంటుకొని పట్టు కల్పిస్తాయి. కాని పైన మందపాటి చక్కెర పొర ఉన్నప్పుడు ఆ పట్టు పొర అడుగున మరుగున పడిపోతుంది. తొడుగుకే అంటుకొనే ప్రతిరక్షకాలు శరీరంలో తయారయ్యాక గాని భక్షక కణాలకు అది చిక్కదు. ఆ లోపుననే రోగి పరిస్థితి విషమించేది.

1930లో ఏవరీ, రెనే డుబో ఒక చక్కని ప్రయోగం చేశారు. క్రాన్‌బెర్రీ పండించే చిత్తడినేల మట్టిలోని ఒక బాక్టీరియా నుండి డుబో తీసిన ఎంజైము మూడవ రకం న్యుమోకాకస్ తొడుగును కరిగించింది. బాక్టీరియాను అది చంపదు. అయినా ఆ ఎంజైము ఇచ్చిన ఎలుకలు బ్రతికాయి. తొడుగు పోయిన బాక్టీరియాను ఎలుకల రక్తకణాలే మ్రింగివేశాయి. ఇంతకంటె సూటియైన ఋజువు దొరకడం కష్టం. ఇదే కాలంలో గోబెల్‌తో కలిసి, చక్కెరను ప్రోటీనుకు జతచేస్తే రోగనిరోధక స్పందన కలుగుతుందని కూడా ఏవరీ చూపాడు. భారతదేశ సార్వత్రిక టీకా కార్యక్రమంలో 2017లో చేరిన న్యుమోకాకల్ టీకా తయారీకి మూలం ఈ సూత్రమే.

డీఎన్ఏ

తొడుగులేని నిరపాయకర న్యుమోకాకస్, చనిపోయిన తొడుగుగల రకం నుండి తొడుగును తయారుచేసుకొనే శక్తిని పొందగలదని 1928లో గ్రిఫిత్ గమనించాడు. ఏవరీ మొదట దీనిని నమ్మలేదు. తరువాత తానే చేపట్టి, మెక్లియోడ్, మెకార్టీలతో కలిసి ఆ శక్తిని చేరవేసేది డీఎన్ఏ అని 1944లో ప్రకటించాడు. అప్పటికి ఆయన వయస్సు 66 సంవత్సరాలు.

1945లో కాప్లీ పతకం, 1947లో లాస్కర్ పురస్కారం లభించాయి. నోబెల్ మాత్రం రాలేదు. ఆ బహుమతి చరిత్రలో ఇదొక పెద్ద లోపమని చెప్పక తప్పదు. 1948లో నాష్‌విల్‌లోని సోదరుని వద్దకు వెళ్ళి, అక్కడే మరణించాడు.