జెనీవా సభాపీఠంపై ఆగా ఖాన్

మూడవ ఆగా ఖాన్, సర్ సుల్తాన్ మహమ్మద్ షా పేరు వినగానే పలువురికి డెర్బీ గెలిచిన గుర్రాలే స్ఫురిస్తాయి. మేము ఆయన జీవితంలోని వేరొక ఘట్టాన్ని పాఠకుల ముందుంచదలచాము.

1877లో కరాచీలో జన్మించి, ఎనిమిదవ ఏటనే ఇస్మాయిలీల ఇమాం అయిన ఆయన, అలీగఢ్ కళాశాలను విశ్వవిద్యాలయంగా రూపొందించుటకు విరాళాలు సేకరించారు.

1920లో ఏర్పడిన నానాజాతి సమితిలో భారతదేశం తొలి సభ్యదేశాలలో ఒకటి. స్వాతంత్ర్యం లేని దేశానికి సభ్యత్వం! చందా మన ఖజానా నుండి పోయేది. ప్రతినిధులను మాత్రం బ్రిటిష్ ప్రభుత్వం ఎంపిక చేసేది. ఆ ప్రతినిధివర్గానికి ఒక భారతీయుడు, సర్ మహమ్మద్ హబీబుల్లా, మొదటిసారి నాయకత్వం వహించింది 1929లో. అటువంటి దేశపు ప్రతినిధియైన ఆగా ఖాన్‌ను 1937లో సమితి మహాసభ అధ్యక్షునిగా ఎన్నుకొన్నది. అప్పటికే ఇటలీ అబిసీనియాను కబళించింది. జపాను చైనాపై దండెత్తింది. ఆయన సభను హుందాగా నడిపారు గాని, యుద్ధాన్ని ఆపగల శక్తి ఆ పీఠానికి లేదు. ఆ గౌరవం ఆయన వ్యక్తిత్వానికి దక్కినదే తప్ప దేశానికి దక్కినది కాదని మా అభిప్రాయం. ఆయనను తక్కువ చేయుట మా ఉద్దేశం కాదు.

1953లో స్వతంత్ర భారత ప్రతినిధిగా శ్రీమతి విజయలక్ష్మీ పండిట్ ఐక్యరాజ్యసమితి సర్వసభ్యసభకు అధ్యక్షురాలైనప్పుడు ఆయన జీవించియే ఉన్నారు. 1957లో జెనీవాకు సమీపముననే, వెర్సువాలో కన్నుమూశారు. ఆయన సమాధి నైలునది ఒడ్డున, అస్వాన్‌లో ఉన్నది.